మాలకొండయ్య సారు ఆగిన చోటు

టైరు అంచును రిమ్ము నుంచి ఊడదీయగానే వాసన గుప్పుమంది. తలకు వేసుకునే రంగు వాసనకూ, కోళ్లఫారం పక్కగా పోయేటప్పుడు ముక్కుకు తగిలే ఘాటుకూ మధ్యలో ఉంటుంది అది. మా ఇంట్లో ఆ వాసనకు మంచి పేరు లేదు. నా భార్య షమీమ్ వంటింటి తలుపు వేసుకుంది. నేను వరండాలో చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. టైరు లోపల పోసిన పాలు ఎండిపోయి, గోడకు అంటిన పాత సున్నంలా పొరలుపొరలుగా ఊడి వస్తున్నాయి. గోటితో గీకుతుంటే మాలకొండయ్య సారు గుర్తొచ్చారు. గుర్తు రావడమంటే ప్రేమగా గుర్తొచ్చారని కాదు. ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత ఆయన వచ్చారు.

పాలు అన్నాను గదా, అది కలిసి సైకిళ్లు తొక్కిన మా ముగ్గురి మధ్య నలిగిన మాట. మట్టిరోడ్ల మీద తిరగడానికి చేసిన ఈ గ్రావెల్ సైకిళ్ల టైర్లలో ట్యూబు ఉండదు. దాని బదులు తెల్లటి సీలెంట్ పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే లోపలి ద్రవం ఆ చిల్లు దగ్గరికి వచ్చి గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది. చిల్లకంప ముళ్లూ పల్లేరుకాయలూ తప్ప మరో పంట సరిగ్గా పండని మా మెట్ట ప్రాంతానికి ఇంతకన్నా వరం ఏముంటుందని మాలకొండయ్య సారు వాదించేవారు. ఎండాకాలంలో ఆ పాలు ఎంత త్వరగా ఇగిరిపోతాయో సీసా మీద రాసినవాళ్లకు తెలియదు. వాళ్లు మా ఊరి ఎండ చూసి ఉండరు.

సారు ఆత్మకూరులో ఫిజిక్సు లెక్చరరు. ఇంటర్మీడియట్‌లో నాకు పాఠం చెప్పారు. నాకు ఫిజిక్సు రాలేదు గానీ ఆయన వీధిలోనే ఇల్లు దొరికింది. బస్టాండు దగ్గర కళ్లద్దాల షాపు పెట్టుకున్నాక రోజూ పొద్దున ఆయన మొహమే ముందు కనిపించేది. నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఎవరితోనో వాదనలో ఉన్నట్టు కనుబొమలు ముడిచి ఉండేవారు. షుగరు వచ్చిందని డాక్టరు నడవమంటే, నడక ముసలివాళ్ల పని అని సైకిలు కొన్న మనిషి. ఒక్కరే తిరగడం తోచక నన్ను కొనిపించారు. తర్వాత చైతన్యను పట్టుకొచ్చారు. చైతన్యది ఉదయగిరి. మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా చేస్తూ ఆత్మకూరులో గది తీసుకుని ఉండేవాడు. మా ఇద్దరికంటే బాగా చిన్నవాడు, మా ఇద్దరికంటే బాగా తొక్కేవాడు.

చైతన్య చక్రాలకు ట్యూబ్‌లెస్ ఎక్కించిన రోజు నేను బతికినంత కాలం మరచిపోను. చేతిపంపుతో ఎంత కొట్టినా టైరు అంచు రిమ్ములో కూర్చోదు. ఒక్కసారిగా బలంగా గాలి పోయాలి. అందుకని సారు మమ్మల్ని లారీ టైర్ల పంచరు కొట్టుకు తీసుకుపోయారు. లారీలు వరసగా ఆగి ఉన్నచోట మేం పాపిడిలాంటి సన్నటి టైరు పట్టుకుని నిలబడితే, కొట్టాయన పైకీ కిందికీ చూశాడు.

“ఏంది సార్, సైకిలుకి కంప్రెసరా?”

“సైకిలే. కొట్టు గాలి.”

“పగిలితే నన్నడగబాకండి.”

“పగిలేది నీది కాదులేవయ్యా, కొట్టు.”

ఢాం అని పేలినట్టు శబ్దం వచ్చి టైరు కూర్చుంది. కూర్చునే ముందు అంచు సందులోంచి పాలు చిమ్మి సారు తెల్లచొక్కా మీద, కనుబొమల మీద, కొట్టాయన టీ గ్లాసులో పడ్డాయి. పక్కన టీ తాగుతున్న డ్రైవరు కింద కూర్చుండిపోయాడు. సారు మొహం తుడుచుకోకుండా చెవి టైరుకు ఆనించి విన్నారు. వాల్వు దగ్గర సన్నగా బుస్సుమంటోంది. కొట్టాయన పెట్టెలోంచి సారే పటకారు తీసి, వాల్వు నట్టును బలమంతా పెట్టి బిగించారు. బుస్సుమనడం ఆగింది. “చూసినారా, ఇంక ఈ టైరు జోలికి పోవాల్సిన పనే లేదు” అన్నారు. ఆ చొక్కా మరకలు పోలేదని సుశీలమ్మ గారు, అంటే సారు భార్య, నెలల తరబడి నన్ను సాధించారు.

ఆదివారాలు తెల్లవారకముందే బయల్దేరేవాళ్లం. ఒక వారం అనుమసముద్రంపేట దర్గా దాకా, ఒక వారం మర్రిపాడు వైపు, చలికాలంలో అయితే అడ్డదారుల్లో ఉదయగిరి కొండ కింది దాకా పోయి కారం దోశలు తిని వచ్చేవాళ్లం. సారు పెట్టిన నియమం ఒక్కటే. ఒకరి టైరు ఆగితే అందరి టైర్లూ ఆగాలి. నువ్వు బాగుచేసుకుని రా, మేం ముందు పోతుంటాం అనేది లేదు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. షాపు తెరవాలి, ఇంట్లో పని ఉంటుంది, చైతన్య గొలుసు ఊడితే నేనెందుకు చెట్టు కింద నిలబడాలి? ఒకసారి విసుగుపడి పెడలు మీద కాలు పెట్టాను. సారు నా సైకిలు సీటు వెనక పట్టుకున్నారు.

“మా తమ్ముడు రమణయ్య బద్వేలు రోడ్డులో మోపెడ్ మీద నుంచి పడినాడు. పొద్దున పడితే మధ్యాహ్నందాకా ఆడనే ఉండాడు. లారీలు పోతానే ఉండాయంట, బస్సులు పోతానే ఉండాయంట. ఎవురన్నా ఆగి ఉంటే బతికేటోడు. నిలబడరా బాషా. నీ షాపు యాడికీ పోదు.”

అంతే, మళ్లీ ఎప్పుడూ ఆ తమ్ముడి సంగతి ఎత్తలేదు. నేను నిలబడ్డాను. నిలబడడం నెమ్మదిగా అలవాటైంది. రోడ్డు మీదే కాదు. షాపుకు వచ్చే ముసలివాళ్లు ఒక అద్దం పెట్టుకుని, తీసి, మళ్లీ ముందుదే పెట్టుకుని నసుగుతుంటే ఇదివరకు నేను అద్దాలు లాక్కుని పెట్టెలో పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు చూపు ఆనిందో లేదో చూసుకోమని సూదీ దారం ఇచ్చి ఎదురుగా కూర్చుంటున్నాను. దారం ఎక్కేదాకా కూర్చుంటాను. ఆ ఓపిక నాది కాదు, ఆయనది. నాకు అంటించి పోయారు.

టైరు గురించి ఆయన మాకు చెప్పిన ఇంకో మాట ఉంది. ముల్లు కనిపిస్తే పీకొద్దు. ముల్లు ఉన్నంతసేపూ చిల్లుకు అదే బిరడా. ఇంటికి వచ్చాక నీడలో కూర్చుని, కొత్త పాలు పోసి, అప్పుడు తీసుకోవచ్చు. వినడానికి ఇది చిన్న సంగతే. కానీ మా ప్రాంతంలో పుట్టినవాడికి ముల్లును చూసి ఊరుకోవడం చేతకాదు. నడక రాకముందే కాలు చాపి ముల్లు తీయించుకున్నవాళ్లం మేం. చెప్పుల్లో, గొర్రె గిట్టల్లో, ఎద్దు డెక్కలో, యాడ కనిపించినా చేయి దానంతటదే పోతుంది. ముల్లు తీసేసుకోవడమే తెలుసు, ఉంచుకోవడం తెలియదు.

ఆ రోజు ఎండాకాలం సగంలో ఉంది. మర్రిపాడు దాటాక కుడివైపు మట్టిరోడ్డు పట్టుకుని ఉదయగిరి వైపు పోదామని సారే అన్నారు. చైతన్య వాళ్లమ్మ సద్దన్నం, ఊరుమిరపకాయలు పెడతానన్నదని ఉబలాటం. ఎండ ముదరకముందే చేరిపోతామన్నది లెక్క. చైతన్య బయల్దేరేముందు చక్రం ఎత్తి చెవి దగ్గర ఆడించాడు. గలగల వినిపించింది. “పాలు ఉండాయి సార్” అన్నాడు. పాలు కావవి. ఎండి ఉండలు కట్టిన రబ్బరు ముక్కలు. ఆ సంగతి తర్వాత టైరు విప్పినప్పుడు గాని తెలియలేదు. అప్పటికి మాకెవరికీ ఆ తేడా తెలియదు.

ఊళ్లు వెనకబడి, ఇరువైపులా చిల్లకంప తప్ప ఏమీ లేని చోట చైతన్య టైరు మెత్తబడింది. ఇద్దరం వెనక్కి తిరిగేసరికి వాడు సైకిలు తలకిందులు చేసి కూర్చుని ఉన్నాడు. టైరు నిండా ముళ్లు. ఒక్కొక్కటీ గోళ్లతో పట్టి పీకి, వరసగా రాతి మీద పెడుతున్నాడు. పీకిన ప్రతిచోటా బుస్సుమంటోంది.

“పీకబాకరా!” అని సారు అరిచేసరికి ఆఖరిది వాడి వేళ్ల మధ్య ఉంది.

“చూసుకోలేదు సార్, చెయ్యి పోయింది” అన్నాడు వాడు. నిజమే చెప్పాడు.

చిల్లుల్లోకి రబ్బరు వత్తులు దూర్చాం. ఉన్నవన్నీ అయిపోయాయి. గాలి ఇంకా పోతోంది. ఎక్కడి నుంచో కనపడటం లేదు. సారు తన నీళ్ల సీసా మూత తీసి టైరు మీద పోశారు, బుడగలు వస్తాయేమోనని. నేను ఆపేలోగా సగం అయిపోయింది. మిగిలిన సగం రెండోవైపు పోశారు. “తాగేదానికి సార్?” అంటే, “నీ కాడ ఉండాయి గదా” అన్నారు. నా దగ్గర ఉన్నవాటిలో ఆయన ఒక్క గుక్క తాగి సీసా చైతన్యకు ఇచ్చేశారు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. వెంట తెచ్చుకున్న ట్యూబు లోపల పెట్టి గాలి కొట్టుకోవడం. అలా పెట్టాలంటే ముందు ట్యూబ్‌లెస్ వాల్వు తీసేయాలి. వాల్వు తీయాలంటే నట్టు ఊడాలి. అది చేత్తో బిగించి చేత్తోనే తీయాల్సిన నట్టు. సారు లారీ కొట్టులో పటకారుతో బిగించిన నట్టు. మా దగ్గర పటకారు లేదు. నేను తిప్పాను, చైతన్య తిప్పాడు, వేళ్ల తోలు లేచిపోయింది. సారు మమ్మల్ని తోసేసి తానే కూర్చున్నారు. తువ్వాలు చుట్టి తిప్పారు. రాయితో కొట్టారు. పంటితో కూడా పట్టారు. ఎండ నడినెత్తికి వస్తోంది. ఫోనుకు సిగ్నలు లేదు. ఆ కంపచెట్ల నీడ మేకపిల్లకు కూడా చాలదు.

“సార్, నేను పెద్దరోడ్డుకు పోయి ఆటో తెస్తాను” అన్నాను.

“ముగ్గురం ఆగినాం, ముగ్గురం కదలాల.”

“నీళ్లు లేవు సార్. మీకు షుగరు.”

“నోరు మూసుకో. నట్టు కదిలింది. ఇంకొంచెం.”

నట్టు కదల్లేదు. ఆయన చేతులు వణుకుతున్నాయి. నేను సైకిలెక్కాను. ఆయన తల ఎత్తి చూశారు. నన్ను అంత అసహ్యంగా ఎవరూ చూడలేదు, అంతకుముందూ, ఆ తర్వాతా.

“పో. పోయేటోడివి మళ్లీ నా ఎనకాల రాబాక. నా మొగం చూడబాక” అన్నారు.

వెళ్లాను. ఏ ఆలోచనా లేకుండా తొక్కాను. పెద్దరోడ్డు మీద మొదట వచ్చిన లారీ ఆగలేదు. తర్వాత గడ్డిమోపులతో పోతున్న ట్రాలీ ఆటో ఆగింది. అందులో సైకిలు పడేసి వెనక్కి వచ్చేసరికి చైతన్య ఒంటి మీద చొక్కా లేదు. చొక్కాను రెండు చేతులతో పైకి పట్టుకుని సారుకు నీడ చేస్తూ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డాడో, చేతులు దించమంటే దిగడం లేదు. సారు పక్కకు ఒరిగి ఉన్నారు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. చక్రం ఇంకా కాళ్ల మధ్యనే ఉంది. సారు తనను “రమణా” అని పిలిచారని, “లేయరా, బండి ఆగింది, లేయరా” అన్నారని చైతన్య ఆటోలో చెప్పాడు. నేను సారు మొహం చూశాను. ఆయన నా మొహం చూడలేదు. ఆత్మకూరు ఆసుపత్రి మెట్ల దగ్గరే ప్రాణం పోయింది.

ఊరంతా వచ్చింది. దేవుడులాంటి మనిషి అన్నారు. శిష్యుడి టైరు కోసం ప్రాణమిచ్చాడన్నారు. నలుగురు కూడినచోటల్లా ఇదే కథ. కథలో ఆయన పెద్దవాడయ్యే కొద్దీ చైతన్య చిన్నవాడైపోయాడు. వాడి ముళ్లు, వాడి టైరు, వాడి పొరపాటు. పటకారుతో బిగించడం వల్లే నట్టు ఊడలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. నేనూ చైతన్యా తప్ప తెలిసినాయన సారొక్కరే, ఆయన పోయారు. వాడు ఉద్యోగం మానేసి ఉదయగిరి వెళ్లిపోయాడు. కర్మకు కూడా రాలేదు. కొన్నాళ్లకు వాళ్లమ్మ ఫోను చేసింది.

“అన్నం తినడంలే నాయనా. పొద్దస్తమానం చేని కాడ పాడుబడ్డ బాయి గట్టు మీద కూర్చుంటా ఉండాడు. ఏందిరా అంటే పలకడు. నాకు బయంగా ఉండాది.”

పోయాను. బావి గట్టు మీద పక్కనే కూర్చున్నాను. నట్టు బిగించింది సారేరా అన్నాను. వాడు నాకేసి కూడా చూడకుండా, “ముళ్లు పీకింది నేను గదన్నా” అన్నాడు. ఎన్నివిధాల చెప్పినా అదే మాట. వాణ్ణి అక్కడ వదిలి వస్తుంటే, రేపు ఏం వినాల్సి వస్తుందోనని భయమేసింది. నేరుగా సుశీలమ్మ గారి ఇంటికి పోయి అంతా చెప్పాను. పటకారు సంగతీ చెప్పాను. చనిపోయినాయన మీద చెప్పకూడదనుకున్నాను గానీ, బతికున్నవాడు బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఏడవలేదు.

“తీసుకురా వాణ్ణి” అన్నారు. “రానంటే, నేనే ఉదయగిరి బస్సెక్కి వస్తానని చెప్పు.”

వచ్చాడు. గడప దగ్గరే నిలబడిపోయాడు. గడ్డం పెరిగి, చొక్కా వదులైపోయి, ఆమె కాళ్ల మీద పడబోతే ఆమె విదిలించుకున్నారు.

“కాళ్లు పట్టుకునేదానికా పిలిచింది? కూర్చో. ఏందిరా, ఇన్నాళ్లూ రాకుండా ఏం చేస్తా ఉండావు?”

“నా వల్లే అమ్మా…”

“నీ వల్ల కాదు, ఆయన మొండితనం వల్ల. పటకారుతో బిగించమని నువ్వు చెప్పినావా? తాగే నీళ్లు టైరుకు పొయ్యమని చెప్పినావా? షుగరు మనిషి ఎండలో కూర్చుని పంటితో నట్టు తీస్తాడా?” ఆమె గొంతు పెరిగింది. “ఊరంతా దేవుడు దేవుడంటా ఉండారు. వచ్చినోళ్లంతా దండం పెట్టి పోతా ఉండారు. నేను నా మొగుణ్ణి తిట్టుకోవాలంటే ఎవురున్నారురా నాకు? మీరిద్దరే గదా ఆడ ఉండింది. మీరు గూడా రాకపోతే నేను ఎవురి కాడ తిట్టుకోవాల?”

అప్పుడు ఏడ్చారు. చైతన్య కూడా ఏడ్చాడు, అన్నాళ్లకు మొదటిసారి. తర్వాత ఆమె పెట్టిన అన్నం తిన్నాడు. ఆ రోజు నుంచి వాడు ఆదివారం ఆదివారం వస్తున్నాడు. ముగ్గురం కూర్చుని సారును తిడతాం. ఆమె చొక్కా మరకల దగ్గర మొదలుపెడతారు. వాడు మెల్లగా అందుకుంటాడు. పూర్తిగా కోలుకున్నాడని నేను అనను. మొన్నకూడా మాట మధ్యలో ఆగి తన వేళ్లకేసి చూసుకున్నాడు. కానీ వాళ్లమ్మ ఇప్పుడు బావి మాట ఎత్తడం లేదు.

నేను మాత్రం ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. ఒక ఆదివారం సుశీలమ్మ గారు కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, “నువ్వెందుకురా గమ్మునుంటావు? నీకేం లేదా ఆయన మీద?” అన్నారు. అప్పటిదాకా షమీమ్‌కు కూడా చెప్పని మాట బయటికి వచ్చింది. సారు నన్ను వెనకాల రావొద్దన్నారనీ, మొహం చూడొద్దన్నారనీ, నాతో ఆయన చివరి మాట అదేననీ చెప్పాను.

“నన్ను ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట” అన్నారు ఆమె. “గడప దాటి పో, మళ్లీ నీ మొగం చూపించబాక అని. గంట తిరక్కముందే, కాఫీ ఇంకా కాలేదా అని ఆయనే కేకేసేటోడు. ఆ మనిషి కోపం గంటే. నీకు ఆ గంట దొరకలేదు, అంతేరా బాషా.”

అంతే కావచ్చు. వరండాలో టైరు గీకడం అయింది. కొత్త పాలు పోసి, వాల్వు నట్టు చేత్తో, వేళ్ల కొసలతో బిగించాను. రేపటి నుంచి మళ్లీ తొక్కుతాను. కానీ దారిలో టైరు మెత్తబడి ఆగినప్పుడల్లా నాకు ఆ గంట ఇంకా నడుస్తున్నట్టే ఉంటుందని తెలుసు. నేనింకా పెద్దరోడ్డు వైపు తొక్కుతూనే ఉన్నాను, సారు కోపం ఇంకా తగ్గలేదు, నన్ను వెనక్కి పిలవడానికి ఆయన ఇంకా నోరు తెరవలేదు.